బైపోలార్ డిజార్డర్ లక్షణాల గుర్తింపు

బైపోలార్ డిజార్డర్ ఒక మానసిక రుగ్మత. దీనిని తెలుగులో ద్విధ్రువ రుగ్మత అని కూడా వ్యవహరిస్తారు. ఈ రుగ్మత ఉన్న వ్యక్తిలో మనఃస్థితి, శక్తి, ఆలోచనా వేగం కొన్ని రోజుల నుండి కొన్ని నెలల వరకు అసాధారణంగా పెరిగిపోతాయి. మరి కొన్నాళ్ళు అంతే అసాధారణంగా పడిపోతాయి. పెరిగిన స్థితిని ఉద్రేక దశ లేదా మేనియా అనీ, పడిపోయిన స్థితిని కుంగుబాటు దశ లేదా డిప్రెషన్ అనీ అంటారు. రెండు దశల నడుమ చాలామంది పూర్తిగా మామూలుగా ఉండి, తమ పనులు తాము చేసుకుంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4 కోట్ల మందికి ఈ రుగ్మత ఉంది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో 0.5 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ రుగ్మత వచ్చినట్లు తేలింది. బాధితులలో సుమారు 70 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వే తెలిపింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ 12 రాష్ట్రాలలో లేవు.

రుగ్మత మొదలైన నాటికీ, అది ఫలానా అని తేలిన నాటికీ మధ్య తరచు ఐదారేళ్ళు గడిచిపోతాయి. కుంగుబాటులో ఉన్నప్పుడు వైద్యుని వద్దకు వెళ్ళినవారు అంతకు ముందరి ఉద్రేక దశను జబ్బుగా తలచకపోవడం, దాని గురించి చెప్పకపోవడం ఇందుకు ప్రధాన కారణం. కనుక ఈ రుగ్మతను గుర్తించడంలో కుటుంబ సభ్యులు చూసినది, గుర్తుంచుకొన్నది ఎంతో ముఖ్యం.

పేరు, చరిత్ర

ఆయుర్వేదంలో చరక సంహిత ఉన్మాదాన్ని వాతజ, పిత్తజ, కఫజ, సన్నిపాతజ, ఆగంతుజ అని ఐదు విధాలుగా విభజించింది. ఈ విభజన నేటి వైద్యశాస్త్ర విభజనతో సరిగ్గా సరిపోలదు. ప్రాచీన గ్రీకు వైద్యుడు అరేటియస్ ఒకే మనిషిలో ఉద్రేకమూ, విషాదమూ కనిపించడాన్ని వర్ణించాడు. 19వ శతాబ్ది నడుమ ఫ్రాన్సులో ఫాల్రె, బైయార్జె అనే ఇద్దరు వైద్యులు, ఈ రెండూ ఒకే జబ్బులో వంతులవారీగా వచ్చే దశలని వేర్వేరుగా ప్రతిపాదించారు. 1899లో జర్మనీకి చెందిన ఎమిల్ క్రెపెలిన్ దీనికి మేనిక్ డిప్రెసివ్ అనే పేరు స్థిరపరచి, స్కిజోఫ్రీనియా అని తరువాత పేరు పొందిన జబ్బు నుండి వేరు చేశాడు. 1957లో కార్ల్ లియోన్‌హార్డ్ ఒకే ధ్రువం గల, రెండు ధ్రువాలు గల రుగ్మతల భేదాన్ని చెప్పాడు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి వర్గీకరణ గ్రంథం మూడవ కూర్పులో బైపోలార్ డిజార్డర్ అనే పేరు చేరింది.

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియం లవణాలు ఉద్రేక దశను తగ్గిస్తాయని ప్రకటించాడు. ఈ రుగ్మత చికిత్సలో ఇది పెద్ద మలుపు. చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో పుట్టినరోజైన మార్చి 30వ తేదీని ప్రపంచ బైపోలార్ దినంగా పాటిస్తున్నారు.

ఉద్రేక దశ లక్షణాలు

ఉద్రేక దశ అనడానికి మనఃస్థితి, శక్తి రెండూ అసాధారణంగా పెరిగి, కనీసం ఒక వారం పాటు దాదాపు రోజంతా అలాగే ఉండాలి. ఆసుపత్రిలో చేర్చవలసినంత తీవ్రంగా ఉంటే వారం నిండనక్కరలేదు. ఈ దశలో సాధారణంగా కనిపించే లక్షణాలు:

* అతి ఆనందం, లేదా చిన్న అడ్డంకికే భగ్గుమనే కోపం. కొందరిలో ఆనందం అసలు కనిపించదు, చిరాకు మాత్రమే ఉంటుంది.
* నిద్ర అవసరం తగ్గిపోవడం. రెండు, మూడు గంటలు పడుకొని లేచినా అలసట ఉండదు.
* ఆపకుండా, వేగంగా, ఎదుటివారికి అవకాశం ఇవ్వకుండా మాట్లాడడం.
* ఆలోచనలు ఒకదానిపై ఒకటి పరుగెత్తడం, ఒక మాట పూర్తికాకుండానే మరొక విషయంలోకి వెళ్ళడం.
* తన శక్తి, హోదా, తెలివి గురించి హద్దులేని నమ్మకం. కొందరు తమకు దైవశక్తి వచ్చిందనీ, పెద్ద పదవి రాబోతోందనీ దృఢంగా నమ్ముతారు.
* దృష్టి ఒకచోట నిలవకపోవడం.
* ఒకేసారి అనేక పనులు ప్రారంభించడం, స్థిమితంగా కూర్చోలేకపోవడం.
* ఫలితం ఆలోచించకుండా ఖర్చు చేయడం, అప్పులు చేయడం, ఆస్తులు అమ్మడం లేదా పంచిపెట్టడం, ప్రమాదకరంగా వాహనం నడపడం, లైంగిక విషయాలలో హద్దు మీరడం.

ఆనందం ప్రధానంగా ఉన్నప్పుడు మిగిలిన ఏడు లక్షణాలలో కనీసం మూడు, చిరాకు మాత్రమే ఉన్నప్పుడు కనీసం నాలుగు కనిపించాలని అమెరికన్ వర్గీకరణ చెబుతుంది. తీవ్రమైన ఉద్రేకంలో లేనివి ఉన్నట్లు నమ్మే భ్రమలు, లేని మాటలు వినిపించే భ్రాంతులు కూడా రావచ్చు.

ఉద్రేక దశలో ఉన్న వ్యక్తి తనకు జబ్బు ఉందని సాధారణంగా ఒప్పుకోడు. ఇంతకు ముందెన్నడూ ఇంత ఆరోగ్యంగా లేనని అంటాడు. కనుక అతని మాటను మాత్రమే ఆధారం చేసుకొంటే రుగ్మత బయటపడదు.

అల్పోద్రేక దశ

లక్షణాలు ఇవే అయినా తక్కువ తీవ్రతతో, కనీసం నాలుగు రోజుల పాటు ఉండి, ఉద్యోగానికి గానీ సంసారానికి గానీ పెద్ద ఆటంకం కలిగించకపోతే దానిని అల్పోద్రేక దశ లేదా హైపోమేనియా అంటారు. భ్రమలు, భ్రాంతులు ఇందులో ఉండవు. మనిషి చురుకుగా, కలుపుగోలుగా, ఎక్కువ పని చేస్తున్నట్లు కనిపిస్తాడు. ఇంటిల్లిపాదీ సంతోషించే అవకాశం ఉన్నందున దీనిని గుర్తించడం అన్నిటికన్నా కష్టం. ఆ మనిషి సహజ స్వభావానికి ఇది భిన్నంగా ఉందా, చూసేవారికి ఆ తేడా తెలుస్తోందా అనేదే కొలమానం.

కుంగుబాటు దశ లక్షణాలు

కనీసం రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండడం, లేదా ఇదివరకు ఇష్టమైన వాటిపై ఆసక్తి పోవడం ఈ దశకు ముఖ్య లక్షణం. దీనికి తోడుగా ఆకలి, బరువులలో మార్పు, నిద్ర పట్టకపోవడం లేదా అతినిద్ర, నీరసం, మాటలోనూ కదలికలోనూ మందకొడితనం, ఏకాగ్రత లోపించడం, తాను ఎందుకూ పనికిరాననే భావన, చేయని తప్పులకు కూడా తననే నిందించుకోవడం, చావు గురించిన ఆలోచనలు కనిపిస్తాయి. మన సమాజంలో చాలామంది దిగులును దిగులని చెప్పరు. తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, గుండె బరువు, కడుపులో మంట, నిస్సత్తువ అని చెప్పి ఒంటికి మందు అడుగుతారు.

సాధారణ కుంగుబాటు కూడా పైకి ఇలాగే ఉంటుంది. అయితే కింది వాటిలో కొన్ని ఉన్నప్పుడు బైపోలార్ రుగ్మతను అనుమానించాలి: కుంగుబాటు 25 ఏళ్ళ లోపే మొదలుకావడం, పలుమార్లు తిరిగి రావడం, హఠాత్తుగా మొదలై హఠాత్తుగా తగ్గడం, అతినిద్ర, అతిగా తినడం, భ్రమలు ఉండడం, కాన్పు తరువాత మొదలుకావడం, దగ్గరి బంధువులలో ఈ రుగ్మత ఉండడం, కుంగుబాటు మందు వేసుకోగానే మనిషి అతిగా చలాకీగా మారడం.

మిశ్రమ దశ

కొందరిలో రెండు దశల లక్షణాలూ ఒకేసారి కనిపిస్తాయి. మనసు నిండా నిరాశ ఉంటుంది, ఒంట్లో మాత్రం ఆగని కదలిక, నిద్రలేమి, పరుగెత్తే ఆలోచనలు ఉంటాయి. చావాలనే ఆలోచనకు దానిని అమలుచేసే శక్తి తోడవుతుంది కాబట్టి ఇది చాలా ప్రమాదకరమైన స్థితి.

రకాలు

* మొదటి రకం: కనీసం ఒక్కసారి పూర్తి ఉద్రేక దశ వచ్చి ఉంటుంది. కుంగుబాటు రాకపోయినా ఇది మొదటి రకమే.
* రెండవ రకం: కనీసం ఒక అల్పోద్రేక దశ, కనీసం ఒక కుంగుబాటు దశ వచ్చి ఉంటాయి. పూర్తి ఉద్రేక దశ ఎన్నడూ వచ్చి ఉండదు.
* సైక్లోథైమియా: పెద్దలలో కనీసం రెండేళ్ళ పాటు తేలికపాటి హెచ్చుతగ్గులు తరచుగా వస్తూ ఉంటాయి.

ఒక సంవత్సరంలో నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ దశలు వస్తే దానిని వేగ చక్రం అంటారు. ఒకే రోజులో పొద్దున కోపం, సాయంత్రం సంతోషం కలగడం బైపోలార్ రుగ్మత లక్షణమని పలువురు పొరబడతారు. ఈ రుగ్మతలో మార్పులు గంటలలో ముగియవు, రోజులు, వారాలు సాగుతాయి.

గుర్తించడానికి ఉపకరించే ప్రశ్నలు

కుటుంబ సభ్యులు గానీ, గ్రామ ఆరోగ్య కార్యకర్తలు గానీ రోగ నిర్ధారణ చేయలేరు. అయితే వైద్యునికి అవసరమైన సమాచారం వారి వద్దే ఉంటుంది. ఈ కింది ప్రశ్నలకు జవాబులు తేదీలతో సహా రాసుకొని వెళ్ళడం మంచిది.

# ఈ మార్పు ఎప్పుడు మొదలైంది? ఎన్ని రోజులుగా ఉంది?
# ఈ మనిషి మామూలుగా ఎలా ఉంటాడు? ఇప్పటి తీరు అందుకు ఎంత భిన్నం?
# నిద్ర ఎన్ని గంటలు? తక్కువ నిద్రపోయిన మరునాడు అలసటగా ఉన్నాడా, హుషారుగా ఉన్నాడా?
# ఇదివరకు ఎప్పుడైనా దీనికి పూర్తి వ్యతిరేకమైన స్థితి కనిపించిందా?
# డబ్బు, మాట, కోపం, భక్తి, స్నేహాల విషయంలో హఠాత్తుగా మార్పు వచ్చిందా?
# మద్యం, గంజాయి, స్టెరాయిడ్ మందులు, కుంగుబాటు మందులు వాడుతున్నాడా?
# తల్లిదండ్రులు, తోబుట్టువులు, మేనమామల వంటి దగ్గరివారిలో ఇటువంటి జబ్బు గానీ, ఆత్మహత్య గానీ ఉందా?
# చనిపోవాలనే మాట అన్నాడా?

మూడవ ప్రశ్న ప్రత్యేకంగా గమనించదగినది. దిగులు వల్ల, అప్పుల చింత వల్ల నిద్రపట్టని మనిషి మరునాడు వాడిపోయి ఉంటాడు, నిద్ర కావాలని కోరుకుంటాడు. ఉద్రేక దశలో ఉన్న మనిషికి నిద్ర అవసరమే అనిపించదు. అనేకమందిలో కొత్త దశ రాబోతోందని తెలిపే తొలి సంకేతం నిద్రలో వచ్చే ఈ మార్పే.

పల్నాడు ప్రాంతంలో గుర్తింపు సమస్యలు

పై లక్షణాలు ఎక్కడైనా ఒక్కటే అయినా, అవి బయటపడే తీరు స్థానిక జీవనాన్ని బట్టి ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో నాగులేరు ఒడ్డున గల దాచేపల్లి ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. మిరప, పత్తి, వరి సాగు, సిమెంటు, సున్నపు పరిశ్రమలు ఇక్కడివారికి జీవనాధారాలు.

ఇది ఏ ఒక్కరి కథా కాని, వివరణ కోసం ఊహించిన ఒక ఉదాహరణ. నాలుగు ఎకరాలు సాగుచేసుకొనే పొదుపరి రైతు ఒకరు ఉన్నారనుకుందాం. మిరప ధర పెరిగిన ఏడాది ఆయన ఒక్కసారిగా ఇరవై ఎకరాలు కౌలుకు మాట్లాడతాడు, ప్రామిసరీ నోట్లు రాసి నాలుగైదు చోట్ల అప్పు తెస్తాడు, రాత్రి రెండింటికి లేచి పొలానికి వెళతాడు, ఊరందరికీ భోజనాలు పెడతానంటాడు, అడ్డుచెప్పిన భార్యను కసురుకుంటాడు. ధైర్యం చేశాడని కొందరు, డబ్బు చూసి పొగరెక్కిందని కొందరు అంటారు. రెండు నెలల తరువాత ఆయన మంచం దిగడు, అన్నం సయించదంటాడు, ఎవరితోనూ మాట్లాడడు. అప్పుడు అందరూ అప్పుల వల్ల దిగులు పట్టుకుందని అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆ అప్పులు ఏ స్థితిలో చేశాడన్నది ఎవరూ అడగరు. వైద్యునికి కూడా రెండవ సగమే చెబుతారు. దానితో సాధారణ కుంగుబాటు అని భావించి ఇచ్చిన మందు మరొక ఉద్రేక దశకు దారితీయవచ్చు.

పంట నష్టం, అప్పు, కుటుంబ కలహం వల్ల కలిగే దుఃఖమంతా బైపోలార్ రుగ్మత కాదు. ఉత్సాహంగా పెట్టుబడి పెట్టిన ప్రతి రైతూ ఉద్రేక దశలో ఉన్నట్లు కాదు. నిద్ర, మాట, కోపం, ఖర్చు, ఆత్మవిశ్వాసం అన్నీ ఒకేసారి, ఆ మనిషి స్వభావానికి విరుద్ధంగా, రోజుల తరబడి మారినప్పుడే అనుమానించాలి.

గాలి సోకిందనీ, చేతబడి జరిగిందనీ, దేవత పూనిందనీ భావించి ముందుగా భూతవైద్యుల వద్దకు తీసుకువెళ్ళడం గ్రామాలలో ఉన్నదే. తిరునాళ్ళలో, కొలుపులలో వచ్చే పూనకం సాధారణంగా ఆ సందర్భానికే పరిమితమై, కొద్దిసేపటిలో ముగుస్తుంది. సంఘం దానిని అసహజంగా చూడదు. దేవుడు తనతో మాట్లాడుతున్నాడనే నమ్మకం వారం రోజులు సాగి, నిద్ర, తిండి, పని అన్నీ చెడితే అది వైద్యం అవసరమైన స్థితి. మొక్కులు, పూజలు చేసుకొనేవారు చేసుకోవచ్చు, వాటి కోసం వైద్యాన్ని ఆపకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు స్వస్థత కోసం తెచ్చిన మానసిక రోగులను ఉంచిన ఆశ్రమంలో అగ్నిప్రమాదం జరిగి, గొలుసులతో కట్టివేయబడి ఉన్న 28 మంది తప్పించుకోలేక మరణించారు.

వరుసగా నిద్ర చెడడం ఉద్రేక దశను ప్రేరేపించగలదు. ఇదివరకే ఈ రుగ్మత ఉన్నవారు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలోనో, కారంపూడి పల్నాటి వీరుల ఉత్సవాలలోనో రాత్రంతా మేల్కొనడం గురించి ముందే వైద్యునితో మాట్లాడడం మంచిది. కర్మాగారాలలో రాత్రి షిఫ్టులకు కూడా ఇది వర్తిస్తుంది.

యువత, స్త్రీలు

రుగ్మత ఎక్కువగా 15 నుండి 25 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. ఇంటర్మీడియట్, ఇంజనీరింగు చదువుల కాలం ఇదే. పరీక్షల ముందు రాత్రులు మేలుకోవడం మామూలే కాబట్టి తొలి ఉద్రేక దశ కష్టపడి చదవడంగానో, దురుసుతనంగానో కనిపిస్తుంది. తరువాతి కుంగుబాటు సోమరితనంగా కనిపిస్తుంది. మార్కులు హఠాత్తుగా పడిపోయిన విద్యార్థిని మందలించే ముందు అతని నిద్ర గురించి, అంతకు ముందరి నెలల గురించి అడిగి తెలుసుకోవాలి.

కాన్పు తరువాతి తొలి వారాలు ఈ రుగ్మతకు అత్యంత ప్రమాదకరమైన కాలం. బాలింత నిద్ర లేకుండా తిరగడం, పొంతన లేని మాటలు మాట్లాడడం, బిడ్డ తనది కాదనడం, అతిగా భయపడడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఇది తల్లీబిడ్డలిద్దరి ప్రాణాలకూ సంబంధించిన అత్యవసర పరిస్థితి.

కారణాలు

ఈ రుగ్మతకు ఏ ఒక్కటో కారణం కాదు. వంశపారంపర్యత ప్రధాన పాత్ర వహిస్తుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు 5 నుండి 10 శాతం. అంటే పిల్లలలో అత్యధికులకు రాదు. నిద్ర భంగం, తీవ్రమైన మానసిక ఒత్తిడి, కాన్పు, మత్తు పదార్థాలు, కొన్ని మందులు దశలను ప్రేరేపిస్తాయి. పెంపకంలో లోపం గానీ, పూర్వజన్మ పాపం గానీ, పెళ్ళి కాకపోవడం గానీ దీనికి కారణం కాదు. పెళ్ళి చేస్తే కుదురుకుంటుందనే నమ్మకంతో విషయం దాచి పెళ్ళి చేయడం వల్ల ఇద్దరి జీవితాలూ ఇబ్బందిలో పడతాయి.

నిర్ధారణ

రక్తపరీక్షతో గానీ, స్కానింగుతో గానీ ఈ రుగ్మతను నిర్ధారించలేరు. మనోవైద్యుడు రోగితోనూ, కుటుంబ సభ్యులతోనూ మాట్లాడి, జరిగిన దశలను కాలక్రమంలో అమర్చి నిర్ధారిస్తాడు. పరీక్షలు ఇతర కారణాలను తోసిపుచ్చడానికి ఉపయోగపడతాయి. థైరాయిడ్ ఎక్కువైనా, స్టెరాయిడ్లు వాడినా, గంజాయి తాగినా, మెదడుకు సంబంధించిన కొన్ని జబ్బులలోనూ ఉద్రేకం వంటి స్థితి రావచ్చు. మొదటిసారి 50 ఏళ్ళు దాటాక ఉద్రేక దశ వస్తే ఇటువంటి శారీరక కారణాలను మరింత జాగ్రత్తగా వెతకాలి.

భ్రమలు ఉన్నప్పుడు స్కిజోఫ్రీనియాగా, ఖర్చు, తాగుడు ముందుకు వచ్చినప్పుడు వ్యసనంగా, చిరాకు ప్రధానమైనప్పుడు స్వభావ దోషంగా పొరబడడం సాధారణం.

చికిత్స

బైపోలార్ రుగ్మత మధుమేహం, రక్తపోటు వలె దీర్ఘకాలం చూసుకోవలసిన జబ్బు. చికిత్సతో చాలామంది చదువు, ఉద్యోగం, సంసారం సాగించగలుగుతారు. లిథియం, వాల్‌ప్రోయేట్, లామోట్రిజిన్, క్వెటియాపైన్, ఒలాంజపైన్ వంటి మందులను వైద్యులు దశను బట్టి ఎంపిక చేస్తారు. లిథియం ఆత్మహత్యలను కూడా తగ్గిస్తుందని అధ్యయనాలు సూచిస్తున్నాయి. మొదటి రకం రుగ్మతలో కుంగుబాటు మందులను ఒంటరిగా వాడడం మంచిది కాదు. గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది కనుక వాల్‌ప్రోయేట్‌ను పిల్లలు పుట్టే వయసు స్త్రీలకు సాధారణంగా ఇవ్వరు.

లిథియం వాడేవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. రక్తంలో దాని మోతాదు సాధారణంగా లీటరుకు 0.6 నుండి 1.0 మిల్లీమోల్ ఉండేలా చూస్తారు. మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు క్రమం తప్పకుండా చేయిస్తారు. ఎండదెబ్బ, వాంతులు, విరేచనాల వల్ల ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మోతాదు విషస్థాయికి చేరవచ్చు. రెంటచింతల వంటి చోట్ల ఎండలు తీవ్రంగా కాసే పల్నాడులో, మిరప కల్లాలలోనూ, సున్నపు బట్టీల వద్దా పనిచేసేవారికి ఈ విషయం తెలిసి ఉండాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు కూడా లిథియం స్థాయిని పెంచుతాయి. అందుచేత ఒళ్ళు నొప్పులకు మాత్ర గానీ సూది గానీ వేయించుకొనే ముందు లిథియం వాడుతున్న సంగతి చెప్పాలి. చేతులు బాగా వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం, మగత, వాంతులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

బాగుపడ్డామని మందు మానివేయడం జబ్బు తిరగబెట్టడానికి ముఖ్య కారణాలలో ఒకటి. వేళకు నిద్ర, మద్యానికి దూరం, తొలి సంకేతాలను ఇంటివారు కలిసి రాసిపెట్టుకోవడం, కౌన్సెలింగు మందులకు తోడ్పడతాయి.

ఆత్మహత్య ప్రమాదం

ఈ రుగ్మత ఉన్నవారిలో ఆత్మహత్యల రేటు సామాన్య జనాభాలో కన్నా అనేక రెట్లు ఎక్కువ. చనిపోతాననే మాటను బెదిరింపుగా కొట్టిపారేయకూడదు. చావు గురించి సూటిగా, నెమ్మదిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా కలగదు, చెప్పుకోవడానికి అవకాశం దొరుకుతుంది. వ్యవసాయ కుటుంబాలలో పురుగుమందు చేతికి అందేలా ఉండడం పెద్ద ప్రమాదం. ఇంట్లో ఇటువంటి రోగి ఉన్నప్పుడు పురుగుమందులను ఇంటికి దూరంగా, తాళం వేసి, తాళంచెవి మరొకరి వద్ద ఉంచాలి. మాత్రలను కూడా కుటుంబ సభ్యులే దాచి ఇవ్వాలి. ప్రమాదం ఉన్న వ్యక్తిని ఒంటరిగా వదలకూడదు. అత్యవసరమైతే 108 అంబులెన్సును పిలవాలి.

చట్టపరమైన అంశాలు

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 దేశంలో 2018 మే 29 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ప్రభుత్వ వ్యవస్థలో మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. రోగిని గొలుసులతో బంధించడం నిషిద్ధం. మానసిక వ్యాధులకు కూడా శారీరక వ్యాధులతో సమానంగా బీమా వర్తింపజేయాలి. తనకు ఎటువంటి చికిత్స కావాలో, ఎవరు తన తరఫున నిర్ణయం తీసుకోవాలో ముందుగానే రాసిపెట్టుకొనే అవకాశాన్ని కూడా ఈ చట్టం కల్పించింది. దశల నడుమ మామూలుగా ఉండే బైపోలార్ రోగులకు ఈ ముందస్తు సూచన పత్రం ఎంతో ఉపయోగకరం.

ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు ఈ చట్టం భావిస్తుంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను వంటి సాధారణ నిబంధన లేదు. కనుక కేసు అవుతుందనే భయంతో ఆసుపత్రికి తీసుకువెళ్ళడం ఆలస్యం చేయకూడదు.

భారత ఒప్పందాల చట్టం, 1872లోని 12వ సెక్షను ప్రకారం, మామూలుగా స్థిరచిత్తం ఉండి అప్పుడప్పుడు దానిని కోల్పోయే వ్యక్తి, అది లేని సమయంలో ఒప్పందం చేసుకోజాలడు. ఉద్రేక దశలో రాసిన నోట్లు, అమ్మకాల విషయంలో ఇది వర్తించవచ్చు. అయితే ఆ సమయంలో స్థితి ఎలా ఉందో న్యాయస్థానంలో రుజువు చేయాలి. అందుకు వైద్య పత్రాలు అవసరమవుతాయి.

సహాయం లభించే చోట్లు

* టెలి మానస్: కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఉచిత టెలిఫోను సేవ. నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.
* జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం: 1996లో దేశంలో మొదట నాలుగు జిల్లాలలో మొదలైంది. వాటిలో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ, ఆశా కార్యకర్త ద్వారా గానీ తమ జిల్లాలో మానసిక వైద్యం లభించే చోటు తెలుసుకోవచ్చు.
* గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్: ఈ రెండింటిలోనూ మనోవైద్య విభాగాలు ఉన్నాయి. దాచేపల్లి నుండి పిడుగురాళ్ళ, సత్తెనపల్లి మీదుగా రోడ్డు మార్గంలో గుంటూరు చేరవచ్చు. నడికుడి జంక్షన్ నుండి గుంటూరుకు, సికింద్రాబాదుకు రైళ్ళు ఉన్నాయి.
* విశాఖపట్నం ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ: రెండు తెలుగు రాష్ట్రాలలోని ప్రధాన మానసిక వైద్యశాలలు.

రోగి రానని మొండికేస్తే కుటుంబ సభ్యులు ముందుగా తామే వెళ్ళి వైద్యుని సలహా తీసుకోవచ్చు. జబ్బు గురించి వాదించేకన్నా, రోగికే ఇబ్బందిగా ఉన్న నిద్రలేమి, చిరాకు, తలనొప్పి వంటి వాటి కోసం వెళదామని చెబితే అంగీకరించే అవకాశం ఎక్కువ.

ఇవి కూడా చూడండి

* మానసిక ఆరోగ్యం
* డిప్రెషన్
* స్కిజోఫ్రీనియా
* లిథియం
* దాచేపల్లి
* పల్నాడు జిల్లా

వర్గాలు: మానసిక వ్యాధులు, వైద్యశాస్త్రం, ఆరోగ్యం